మీ ల్యాబ్ రికార్డులోని సుబ్బారావు

బయోకెమిస్ట్రీతో డిగ్రీ చేసినవారికి, ఎంఎల్‌టీ చదివినవారికి, ఎంబీబీఎస్ మొదటి ఏడాది దాటినవారికి ఒక ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చే ప్రాక్టికల్. సీరంలోని ప్రొటీన్‌ను ఆమ్లంతో విరగ్గొట్టి, వడకట్టి, ఆ నీటికి మాలిబ్డేట్ కలిపి, పైన మరో ద్రావణం నాలుగు చుక్కలు వేస్తే పరీక్షనాళికలో నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కలరీమీటర్‌లో పెట్టి చూసుకుని, గ్రాఫ్ గీసి, రికార్డు పైన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని రాసి సంతకం పెట్టించుకుంటాం. అక్కడితో దాన్ని మరచిపోతాం.

కర్మన్‌ఘాట్‌లోనో చంపాపేట్‌లోనో గది తీసుకుని, రోజూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు వెళ్లొచ్చే మీకు ఈ పేరు మళ్లీ ఎదురయ్యేది జనరల్ సైన్స్ బిట్లలో. టెట్రాసైక్లిన్ అనగానే యల్లాప్రగడ సుబ్బారావు అని గుర్తు పెట్టుకోమంటారు. ఒక మార్కు. ల్యాబ్ రికార్డులోని సుబ్బారావు, బిట్ పేపర్‌లోని సుబ్బారావు ఒక్కరేనని చాలామంది గమనించరు. క్యాన్సర్ వార్డులో పిల్లలకు ఎక్కించే పసుపుపచ్చ మందు వెనక ఉన్నదీ ఆయనేనని అసలే తెలియదు.

ఆయన కథను మనవాళ్లు మామూలుగా రెండు రకాలుగా చెబుతారు. నోబెల్ దక్కని మేధావి అని ఒకటి. మెట్రిక్ తప్పిన కుర్రాడు ప్రపంచాన్ని గెలిచాడని ఇంకొకటి. రెండూ వినడానికి బాగానే ఉంటాయి గానీ, రెండింటిలోనూ ఆయన చేసిన పని కనిపించదు. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటున్నవారు, పీహెచ్‌డీ ప్రవేశం కోసమో జేఆర్ఎఫ్ కోసమో చదువుతున్నవారు ఆయన ప్రచురించిన వ్యాసాల వైపు నుంచి ఈ జీవితాన్ని చూడాలి. వాటిలో ఏ పేర్లున్నాయి, ఏ పేరు లేదు, ఆ తర్వాత ఏం జరిగిందీ చూస్తే కథ వేరుగా ఉంటుంది.

భీమవరం నుంచి మద్రాసు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం బాగోక ముందే విరమించుకున్నారు. ఏడుగురు పిల్లలు, చాలీచాలని రాబడి. పదమూడేళ్లప్పుడు సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయారు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ వదలలేదు, చదవాల్సిందేనని పట్టుబట్టింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతున్నప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు, ఆమె అనుమతి లేకుండా మఠంవాళ్లూ చేర్చుకోలేదు. ఆ దారి మూసుకుపోయాకే మద్రాసు మెడికల్ కాలేజీ. చదువు ఖర్చులకు మిత్రులు సాయం చేశారు, ఆ తర్వాత కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు పెళ్లయింది.

గాంధీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. ఆపరేషన్ థియేటర్‌లో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, ఎల్ఎంఎస్. ఒక మెట్టు కింది అర్హత. దాంతో మద్రాసు వైద్య సర్వీసులో చేరే వీలు పోయింది. ఒక బట్ట ముక్క కోసం కెరీర్ పాడు చేసుకున్నాడని అప్పట్లో అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఈ సంగతిని ఇప్పుడు మనం గర్వంగా చెప్పుకుంటాం గానీ, ఆ డిగ్రీ ఆయన్ను చాలాకాలం వెంటాడింది. అమెరికా వెళ్లాక కూడా.

డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే ఉద్యోగం దొరికింది. అప్పటికే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలి ఉంది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వస్తే లక్ష్మీపతి వైద్యంతో బయటపడ్డారు. ఈ జబ్బు పేరు గుర్తుంచుకోండి, ముందు మళ్లీ వస్తుంది.

నీలం రంగు

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తానన్న సాయం, మామగారు సర్దిన డబ్బు పట్టుకుని ఇరవై ఏడో ఎనిమిదో ఏట సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ కోర్సు. అమెరికాలో ప్రాక్టీసు చేసేందుకు ఆయన డిగ్రీ పనికిరాదు. రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టర్‌గా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అది, వైద్యం చదివిన మనిషి చేసింది. కోర్సు అయ్యాక హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

ఫిస్కే చేతిలో అప్పుడు ఒక చిక్కుముడి ఉంది. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో నమ్మకంగా కొలవడం ఎలా? అప్పటికే బెల్, డోయిజీ అనే ఇద్దరి పద్ధతి ఉంది. దాన్ని బ్రిగ్స్ సవరించారు. వాటిలో నీలం రంగు తెప్పించడానికి హైడ్రోక్వినోన్ వాడేవారు. రంగు రావడానికి ఆలస్యం, వచ్చిన రంగు నిలకడగా ఉండదు, నమూనాలో ఉండే వేరే పదార్థాలు అడ్డం పడతాయి. సుబ్బారావు, ఫిస్కే రకరకాల రసాయనాలు ప్రయత్నించి, చివరికి రంగుల పరిశ్రమలో వాడే ఒక అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం దగ్గర ఆగారు. మీరు ల్యాబ్‌లో ఆన్సా అని పిలుస్తారే, అదే. దాన్ని వేస్తే రంగు తొందరగా వస్తుంది, నిలుస్తుంది, కొలతకు లొంగుతుంది.

ఇద్దరి పేర్లతో 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వ్యాసం వచ్చింది. చూడటానికి చాలా మామూలు వ్యాసం. కొత్త సిద్ధాంతం లేదు, సంచలనం లేదు. ఏ ద్రావణం ఎన్ని మిల్లీలీటర్లు కలపాలి, ఎంతసేపు ఆగాలి, ఏది అడ్డొస్తుంది, దాన్ని ఎలా తప్పించాలి, అంతే. కానీ సైన్స్ చరిత్రలో ఎక్కువసార్లు ఉటంకించిన వ్యాసాల జాబితాలు తయారు చేయడం మొదలయ్యాక, యూజీన్ గార్ఫీల్డ్ లెక్కగట్టిన జాబితాల్లో ఈ 1925 వ్యాసం పైవరుసల్లో కనిపించింది. అచ్చయిన అరవై ఏళ్ల తర్వాత కూడా.

ఎందుకంటారు? ఎముకల జబ్బు చూసేవాళ్లకు ఫాస్ఫరస్ కావాలి. కిడ్నీల వాళ్లకూ, మట్టి పరీక్షించే వ్యవసాయ శాస్త్రవేత్తలకూ, కణం పైపొరలోని కొవ్వులు లెక్కబెట్టేవాళ్లకూ కావాలి. ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో తెలుసుకోవాలన్నా, విడిపోయి బయటపడిన ఫాస్ఫేట్‌ను కొలిస్తే సరిపోతుంది. వాళ్లందరూ అదే నీలం రంగు దగ్గరికి వచ్చారు. సైటేషన్ అనే మాట మీరు రోజూ వింటారు గనక చెబుతున్నా. గొప్ప ఆవిష్కరణలకే సైటేషన్లు వస్తాయనుకుంటే పొరపాటు. ఎక్కువసార్లు ఉటంకించిన వ్యాసాల్లో చాలా భాగం ఇలా కొలిచే పద్ధతులు చెప్పినవే. పదిమంది చేతికి పనిముట్టు ఇచ్చినవాడి పేరు పదిమంది నోళ్లలో ఉంటుంది.

జిమ్‌లో క్రియాటిన్, పుస్తకంలో ఏటీపీ

పనిముట్టు చేతిలో ఉంటే మొదట దొరికేది దాన్ని చేసినవాడికే. సుబ్బారావు, ఫిస్కే కండరంలో ఫాస్ఫరస్‌ను కొలుస్తుంటే అంకెలు కుదరలేదు. రంగు రావాల్సినంత త్వరగా రావడం లేదు, నిదానంగా పెరుగుతోంది. ఇంకొకరైతే పద్ధతిలో లోపం అనుకుని వదిలేసేవారు. వీళ్లు ఆగి చూశారు. కండరంలో ఉన్న ఫాస్ఫేట్ విడిగా లేదు, ఏదో ఒకదానికి అంటుకుని ఉంది, ఆమ్లంలో మెల్లగా ఊడిపోతోంది. ఆ ఏదో ఒకటి క్రియాటిన్. రెండూ కలిస్తే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎగల్టన్ దంపతులు కూడా వేరుగా ఇదే పదార్థం జాడ పట్టారు.

అప్పటికి లోకం నమ్మింది వేరు. కండరం లాక్టిక్ ఆమ్లం వల్ల కదులుతుందని ఏవీ హిల్, ఓటో మేయర్‌హాఫ్ చెప్పారు. వాళ్లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కండరం అలసినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తగ్గి, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుందని తేలడంతో ఆ నమ్మకానికి పగులు వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ జిమ్‌లో మీ స్నేహితుడు షేకర్‌లో కలుపుకునే క్రియాటిన్ పొడి వెనక ఉన్న సంగతి ఇదే.

1929లో ఇదే ఇద్దరి పేర్లతో మరో చిన్న వ్యాసం సైన్స్‌లో వచ్చింది. కండరంలో, కాలేయంలో ఉన్న ఇంకో ఫాస్ఫరస్ పదార్థం గురించి. అది ఏటీపీ. ఇంటర్ బయాలజీ నుంచి నీట్ దాకా మిమ్మల్ని వదలని ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని ప్రకటించారు. పాఠ్యపుస్తకాల్లో లోమాన్ పేరే ఎక్కువగా నిలిచింది.

1930లో సుబ్బారావుకు హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ పదేళ్లలో ఆయన చేసిన పనిలో కొంత అచ్చుకు వెళ్లనే లేదు. అదే ల్యాబ్‌లో విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ, ఫిస్కే అసూయవల్ల అవి వెలుగు చూడలేదనీ ఆయన రాశారు. ఇది ఒకవైపు మాట. అయినా పరిశోధనలో చేరబోయేవారు గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆలోచించాల్సిన విషయం ఇందులో ఉంది. మీ నోట్‌బుక్‌లో ఉన్నది అచ్చుకు వెళ్లాలంటే ఇంకొకరి చేయి కదలాలి. అది కదలకపోతే ఆ పనిని మళ్లీ ఎవరో మొదటి నుంచి చేసుకుంటారు.

నాలుగు టన్నుల పాలకూర

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌కు మారారు, కొద్దికాలానికే పరిశోధన విభాగం మొత్తానికి డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ నుంచి కంపెనీకి వెళ్లడం అంటే దిగడం అనుకునే రోజులవి. ఇప్పటికీ అలా అనుకునేవాళ్లున్నారు. ఆయనకు అక్కడ దొరికింది హార్వర్డ్‌లో దొరకనిది: మనుషులు, డబ్బు, పెద్ద పెద్ద పాత్రలు.

కాలేయపు సారంలో రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏదో ఉందని అప్పటికి తెలుసు, దాన్ని పట్టుకోవాలన్నది ఆయన పట్టుదల. దీనికి మన దేశంతో కూడా ఒక ముడి ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయిలో నూలు మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవకైన పదార్థం తినిపిస్తే తగ్గుతోందని 1931లో రాశారు. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర ఆకుల నుంచి రవ్వంత పదార్థం తీసి, ఆకు అనే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. నాలుగు టన్నులు కడిగితే రవ్వంత వచ్చేది రోగులకు మందు కాలేదు. దాన్ని ల్యాబ్‌లో తయారు చేయగలగాలి.

సుబ్బారావు బృందం 1945లో తయారు చేసింది. 1946లో దాని నిర్మాణం, తయారీ వివరాలతో సైన్స్‌లో వచ్చిన వ్యాసంలో పదహారు పేర్లున్నాయి. మొదటి పేరు యాంజియర్‌ది. మధ్యలో ఎక్కడో సుబ్బారావు పేరు. డైరెక్టర్ కదా, మొదటో చివరో వేసుకోవచ్చు. వేసుకోలేదు.

ఆయన నిజానికి వెతుకుతున్నది పర్నీషియస్ అనీమియాను పూర్తిగా నయం చేసే కాలేయపు అంశం. అది వేరే పదార్థమని, అదే బీ12 అని తర్వాత తేలింది. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. అయితే దొరికింది తక్కువదేమీ కాదు. అన్నదమ్ములను తీసుకెళ్లిన స్ప్రూ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందు అయింది. బడిలో వారానికోసారి మీ చేత మింగించిన నీలం రంగు ఐరన్ మాత్ర గుర్తుందా? గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్ర? రెండింటిలోనూ ఐరన్‌తో పాటు ఉన్నది ఫోలిక్ ఆమ్లమే.

తాళంలో విరిగిన చెవి

ఇక్కడి నుంచి కథ క్యాన్సర్ వైపు తిరుగుతుంది. బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవారు. లుకేమియాతో వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోవడం, తర్వాత ఆ శరీరాలను ఈయన పరీక్షించడం, ఇదీ పని. మందంటూ లేదు. ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇచ్చిన పిల్లల్లో లుకేమియా కణాలు తగ్గకపోగా, జోరందుకున్నట్టు ఫార్బర్‌కు కనిపించింది. అంటే ఆ కణాలకు ఫోలిక్ ఆమ్లం తిండి అన్నమాట. మరి ఆ తిండి అందకుండా చేస్తే?

కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ ముక్కలు తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లం ఒక ఎంజైమ్ చేతిలో మారి సాయపడాలి. ఫోలిక్ ఆమ్లంలో ఒక చోట ఉన్న ఆక్సిజన్ గుంపును తీసేసి అమైనో గుంపు పెడితే, చూడటానికి అచ్చం అలాగే ఉండే నకిలీ తయారవుతుంది. ఎంజైమ్ దాన్నే పట్టుకుంటుంది, ఇక వదల్లేదు. తాళంలో విరిగి ఇరుక్కుపోయిన చెవి లాగా. అసలు చెవి వచ్చినా లోపలికి పోదు. వేగంగా చీలే కణాలకు ఈ దెబ్బ ముందు తగులుతుంది.

ఆ నకిలీ పేరు అమినోప్టెరిన్. లెడర్లీలో సుబ్బారావు నడిపిన ల్యాబ్‌లో తయారైంది. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికంగానే. శీర్షికలోనే ఆ మాట పెట్టారు. కొన్ని నెలల తర్వాత లుకేమియా తిరిగొచ్చేది. అయినా అప్పటిదాకా ఏ మందూ చేయనిది అది చేసింది.

ఇప్పుడు పేర్లు చూడండి. ఆ వ్యాసం రాసినవారు ఐదుగురు, అందరూ బోస్టన్ డాక్టర్లే. సుబ్బారావుకు, ఆయన సహచరులకు వ్యాసం లోపల ప్రస్తావన ఉంది, రచయితల వరుసలో లేదు. అమినోప్టెరిన్ తయారీని ప్రకటించిన 1947 నాటి రసాయన వ్యాసంలోనూ పేర్లు ల్యాబ్ రసాయన శాస్త్రవేత్తలవి. అంటే మీరు ఏదైనా సైటేషన్ డేటాబేస్ తెరిచి సుబ్బారావు అని కొట్టి, క్యాన్సర్ వ్యాసాలు వెతికితే చేతికి పెద్దగా ఏమీ రాదు. ఫాస్ఫరస్ వ్యాసం ఒక్కటి కొండలా కనిపిస్తుంది. ఉద్యోగానికి పాయింట్ల లెక్క వేసే కమిటీ ముందు ఈ మనిషిని నిలబెడితే క్యాన్సర్ పరిశోధన గడిలో ఎంత వేస్తారో మీరే ఊహించుకోండి.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటిది మెథోట్రెక్సేట్. కొంచెం తక్కువ విషం, వాడటం కొంచెం సులువు. మిగిలిన కథంతా దానిదే. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌తో గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను తగ్గించి చూపారు. గడ్డగా ఉండే క్యాన్సర్ మందుతో నయమవడం అదే మొదలు. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు తక్కువ డోసులో ఇదే మందు ఇస్తారు. ఫార్మసీ చదివేవారు ఒకటి గట్టిగా పట్టుకోవాలి: కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. చీటీ చదివి మందు ఇచ్చేది మీరైతే, ఆ ఒక్క మాట రోగికి రెండుసార్లు చెప్పండి.

రేడియేషన్‌తో జత

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే. జిల్లాల నుంచి వచ్చి, రేడియేషన్ వరుస కోసం అక్కడే రోజులు గడిపే కుటుంబాలు కనిపిస్తాయి. సుబ్బారావు రేడియేషన్ డాక్టర్ కాదు. కానీ ఆయన ల్యాబ్ మందు, రేడియేషన్ కలిసి నడిచిన చరిత్ర ఒకటుంది.

1960లలో లుకేమియా పిల్లలకు మందులతో రక్తం శుభ్రమయ్యేది, ఇంటికి వెళ్లేవారు, కొన్నాళ్లకు జబ్బు మెదడులో బయటపడేది. మందులు రక్తం నుంచి మెదడులోకి సరిగ్గా దిగవు, కణాలు అక్కడ దాక్కునేవి. అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం ఆ దశకం చివర్లో ముందుగానే తలకు రేడియేషన్ ఇచ్చి, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించింది. దాదాపు సగం మంది పిల్లలు బతికి బట్టకట్టారు. లుకేమియా నయమయ్యే జబ్బు అని చెప్పగలిగింది అప్పుడే.

తర్వాత రేడియేషన్ నష్టాలు తెలిశాయి. ఎదుగుదల తగ్గడం, చదువులో వెనకబడటం, పెద్దయ్యాక మెదడులో కొత్త గడ్డలు. దాంతో రేడియేషన్‌ను మెల్లగా తగ్గిస్తూ, వెన్నులో ఎక్కించే మందును, నరంలోకి పెద్ద డోసు మెథోట్రెక్సేట్‌ను పెంచుతూ వచ్చారు. తల రేడియేషన్ అసలే లేకుండా చికిత్స చేయొచ్చని అదే సెయింట్ జూడ్ బృందం 2009లో ప్రచురించింది. రేడియేషన్ ఆంకాలజీలో ఎండీ చేయాలనుకునేవారు, ఫిజిక్స్‌తో పీజీ చేసి బార్క్ రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా వైపు చూసేవారు ఈ వరుసను తప్పక చదవండి. ఒక చికిత్స ఎప్పుడు కావాలో, ఎప్పుడు తప్పుకోవాలో తేల్చింది కూడా ప్రచురించిన లెక్కలే.

ఈ పిల్లలు ఇంటికెళ్లాక నెలల తరబడి వాడే మందులు ముఖ్యంగా రెండు. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ 6-మెర్కాప్టోప్యూరిన్. రెండోది తయారు చేసింది గర్ట్రూడ్ ఎలియాన్, జార్జ్ హిచింగ్స్. ఆ హిచింగ్స్ ఎవరో ఇందాక చూశాం. హార్వర్డ్‌లో ఒకే ల్యాబ్‌లో తిరిగిన ఇద్దరి మందులు ఇప్పుడు ఒకే చీటీలో ఉంటాయి.

ఇంకా దగ్గరి సంగతి. గుట్కా, పొగాకు వల్ల మనదేశంలో నోటి క్యాన్సర్లు ఎక్కువ. తిరగబెట్టిన, ఆపరేషన్‌కు వీలుకాని తల, మెడ క్యాన్సర్లలో వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు, దాంతో సెలెకాక్సిబ్ ఇచ్చి, నరానికి ఎక్కించే ఖరీదైన సిస్‌ప్లాటిన్‌తో ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు పోల్చారు. 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో ఫలితం వచ్చింది. చవకైన మాత్రలు తీసుకున్నవారు సగటున 7.5 నెలలు, సిస్‌ప్లాటిన్ వారు 6.1 నెలలు బతికారు. తేడా చిన్నదే. కానీ మాత్రలు ఇంట్లో మింగొచ్చు, బెడ్ కోసం ఎదురుచూడక్కర్లేదు. పర్ల్ రివర్‌లో మొదలైన మందు ఇంకా కొత్త వ్యాసాలకు పని కల్పిస్తూనే ఉంది.

మిగిలినవి

ఆరియోమైసిన్ గురించి మీకు బిట్ల వల్ల తెలుసు. డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను లెడర్లీలో పెట్టుకుని, మట్టి నమూనాలు వెతికిస్తే దొరికిన మందు అది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. కనుక్కున్న పేరు డగ్గర్‌ది, ఆ వెతుకులాటను నడిపింది సుబ్బారావు. రిటైరైన మనిషికి ల్యాబ్ ఇచ్చిన ఆ నిర్ణయం నాకు మందు కంటే ఎక్కువ నచ్చుతుంది.

బోదకాలు మందు హెట్రజాన్ కూడా 1947లో ఇదే ల్యాబ్ నుంచి వచ్చింది. ఆ వ్యాసంలో సుబ్బారావు పేరు ఉంది. ఆంధ్రలో, తెలంగాణలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించే డీఈసీ మాత్ర అదే. బోదకాలు గోదావరి జిల్లాల్లో ఎంత మామూలో ఆయన పుట్టి పెరిగిన ఊళ్లలో చూసినదే.

అమినోప్టెరిన్ వ్యాసం అచ్చయిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయారు. 53 ఏళ్లు. మెథోట్రెక్సేట్ గడ్డలను నయం చేయడం చూడలేదు, ఒక్క లుకేమియా బిడ్డ పూర్తిగా కోలుకోవడం చూడలేదు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మందుల మీద హక్కులు కంపెనీవి.

ఇక్కడ ఇంకొకరి పేరు రాయకపోతే ఈ లెక్క సరిపోదు. పెళ్లయిన కొన్నేళ్లకు భర్త ఓడ ఎక్కితే, తిరిగొస్తానన్న మాట మీద శేషగిరి ఎదురుచూశారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఉత్తరాలు వచ్చాయి, ఆయన రాలేదు. స్ఫూర్తి కథలు చెప్పేవాళ్లు ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, లేదా త్యాగం అని పేరు పెడతారు. ఆ త్యాగం చేయమని ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.

మనదేశం 1995లో శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. అంతకు చాలా ముందే, 1953లో, హెసెల్‌టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త కొత్తగా దొరికిన ఒక బూజుకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. దాన్ని పేర్కొనే ప్రతి వ్యాసంలోనూ, రచయితల వరుసతో పనిలేకుండా, భీమవరం పేరు ఒకటి అచ్చవుతుంది.